ముందు కప్పు, తరువాత పొయ్యి

చిల్కానగర్‌లో చిన్న ప్లాట్లలో ఒకదానికొకటి ఆనుకుని లేచిన ఇళ్ళే ఎక్కువ. కింద ఇంటివాళ్ళు, పైన కిరాయిదారులు, ఆ పైన ఎండకు తెరిచి ఉన్న సిమెంటు డాబా, దాని మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. ఉప్పల్ నుంచి నాచారం దాకా వరుసగా ఇదే కట్టడం. ఇలాంటి ఇంట్లో కరెంటు పొదుపు అంటే ఏమిటి, గ్యాస్ వదిలి కరెంటు పొయ్యికి మారడం ఎవరికి మేలు అన్నది తేల్చుకోవడానికే ఈ సంవాదం. చలి దేశాల్లో ఈ చర్చ గదిని వెచ్చబెట్టడం గురించి నడుస్తుంది. మనకు వేడి కావలసింది రెండే చోట్ల: స్నానపు బకెట్లో, పొయ్యి మీది గిన్నెలో. మిగిలిన వేడంతా వద్దనుకునేదే. ఆ తేడా మరిచిపోయి పరాయి సలహాలు తెచ్చుకుంటే బిల్లు పెరుగుతుందే తప్ప ఇల్లు చల్లబడదు. మాట్లాడే వదిన, మరిది కల్పిత పాత్రలు. వాళ్ళ ఇంటి వాడకం ఉదాహరణ కోసం తీసుకున్నది. కరెంటు రేట్లు, పథకాలు, పరిశోధనలు మాత్రం నిజమైనవి.

వదిన: మరిదీ, నువ్వు కరెంటు పొయ్యి గొప్పదంటావు. కేంద్రం కూడా 2021లో ‘గో ఎలక్ట్రిక్’ అని ప్రచారం పెట్టింది, 2023 నవంబరులో ఇరవై లక్షల ఇండక్షన్ పొయ్యిలు జనానికి అందిస్తామంది. బాగానే ఉంది. కానీ వంట చేసేదాన్ని, బిల్లు చూసేదాన్ని నేను. నా లెక్క విను. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడిని యూనిట్లలోకి మారిస్తే దాదాపు 180 యూనిట్లు. గ్యాస్ పొయ్యి మీద అందులో మూడో వంతు గిన్నెకు అందకుండా పోతుంది. ఇండక్షన్‌లో వృథా తక్కువ కాబట్టి అదే వంట 145 యూనిట్లలో అవుతుందనుకుందాం. సిలిండర్ నెలన్నర వస్తే నెలకు 97 యూనిట్లు. ఇప్పుడు నెలకు 160 యూనిట్లు కాలుస్తున్న ఇల్లు తీసుకో. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లలో మొదటి వందకు రూ.3.40, ఆపై రెండు వందల దాకా రూ.4.80. అంటే రూ.628. దీనికి పొయ్యి 97 కలిపితే 257 యూనిట్లు. రెండు వందలు దాటగానే లెక్క మొత్తం మారిపోతుంది: మొదటి 200 యూనిట్లకూ రూ.5.10, పై 57కు రూ.7.70. చూస్తే రూ.1,459. పెరిగింది రూ.831. మిగిలింది ఏమిటి? 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో సిలిండర్ రూ.905 అయింది. ఆ లెక్కన నెలకు రూ.603. నెలనెలా రెండు వందలకు పైగా నష్టపోయి నీ పొయ్యి ఎందుకు కొనాలి? 201వ యూనిట్ ఒక్కటే ఇంటి మీద రూ.208 భారం వేస్తుంది. 200 యూనిట్లకు రూ.820, 201కి రూ.1,028. మీటర్ రీడింగ్ తీసేవాడు రెండు రోజులు ఆలస్యంగా వస్తేనే గుండె దడదడలాడే ఇళ్ళు ఈ గల్లీలో ఎన్నో ఉన్నాయి.

మరిది: మీ లెక్కలో తప్పేమీ లేదు వదినా. నా మాట కూడా ఆ లెక్క మీదే నిలుస్తుంది. మన ఇళ్ళలో ఖర్చు పొయ్యి దగ్గర మొదలవడం లేదు, నెత్తి మీద మొదలవుతోంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎండ తాగిన సిమెంటు కప్పు, రాత్రి అంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. బయట గాలి చల్లబడినా పై అంతస్తు గదిలో ఊపిరాడదు. ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతుంది. రెండు మూడు ఎండాకాలాలు ఓర్చుకుని, నాలుగో ఏడు కిస్తీల మీద ఏసీ కొంటారు. అది రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 200 యూనిట్లకు అటూ ఇటూ లాగుతుంది. అప్పుడు మీరు చెప్పిన 200 యూనిట్ల గీత ఎలాగూ దాటిపోతారు, పొయ్యి సంగతి తరువాత. అందుకే వరుస ముఖ్యమంటున్నాను. ముందు కప్పు తెల్లబడాలి, తరువాత ఫ్యాన్లు మారాలి, ఆ మీదట నీళ్ళు, చిట్టచివర పొయ్యి. ఈ వరుస తలకిందులు చేసినవాళ్ళే నష్టపోతారు. తెల్ల కప్పు కొత్త సంగతి కూడా కాదు. హైదరాబాద్‌లోనే కొలిచారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీ, మన ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి నగర శివార్లలోని ఆఫీసు భవనాల మీద మీటర్లు పెట్టి చూశారు, 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. మామూలు సిమెంటు కప్పుకు తెల్ల పూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు మిగులుతాయని అంచనా కట్టారు. చల్లబరచడానికి వాడే కరెంటులో అది 10 నుంచి 19 శాతం. నల్ల కప్పు తెల్లబడితే ఇంకా ఎక్కువ, 20 నుంచి 22 యూనిట్లు.

వదిన: ఆఫీసులు పగలంతా ఏసీలు వేసుకుంటాయి. వాళ్ళకు మిగులుతుంది, ఒప్పుకుంటాను. ఫ్యాన్ తప్ప ఏమీ లేని ఇంట్లో తెల్ల కప్పు ఏ యూనిట్‌ను మిగులుస్తుంది? ఉన్న ఫ్యాన్ ఉన్నట్టే తిరుగుతుంది కదా. పైగా సున్నం కొడితే రెండు వానలకు కొట్టుకుపోతుంది. నాచారం కంపెనీల దుమ్ము, రోడ్డు దుమ్ము పడి ఆరు నెలలకు బూడిద రంగు తేలుతుంది. డాబా మీద బట్టలు ఆరేస్తాం, వడియాలు పెడతాం, పిల్లలు ఆడతారు. ఆ తెల్లదనం కళ్ళలో పొడుస్తుంది. చలికాలం ఇల్లు ఇంకా చల్లబడి ముసలివాళ్ళకు ఇబ్బంది కాదా? ఇక ఇల్లు ఒకరిది, కింద పడుకునేది ఇంకొకరు. కిరాయిదారు చెమట కోసం ఇంటాయన పెయింటు డబ్బాలు కొంటాడా?

మరిది: మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. ఏసీ లేని ఇంట్లో తెల్ల కప్పు బిల్లును పెద్దగా తగ్గించదు. అది తగ్గించేది ఒంటి మీద పడే వేడిని. 2017లో జీహెచ్‌ఎంసీ, పరిపాలనా శిక్షణ సంస్థ ఆస్కీ, ట్రిపుల్ ఐటీ, అమెరికా పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కలిసి నగరంలోని దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశాయి. లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. మే నెల రాత్రి రెండు డిగ్రీలంటే నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న తేడా. డబ్బు లెక్కలో దాని విలువ ఏసీ కొనకుండా గడిచిన ఏళ్ళలో ఉంటుంది. ఏసీ ఉన్న ఇంట్లో అది తక్కువసేపు నడవడంలో ఉంటుంది. సున్నం నిలవదన్నారు, నిజమే. అయితే వానాకాలానికి ముందు కప్పు కారకుండా వాటర్‌ప్రూఫింగ్ కోటు వేయించేవాళ్ళు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆ ఖర్చు ఇంటాయన తన స్లాబు కోసం ఎలాగూ పెడతాడు. అదే కోటు ఎండను తిప్పికొట్టే తెల్ల రంగులో వేయించమని అడగడమే కిరాయిదారు చేయాల్సింది. కారడం ఆగుతుంది, వేడీ తగ్గుతుంది. దుమ్ము సంగతికి మందు నీళ్ళే: ఎండలు ముదిరేముందు ఒకసారి కడిగితే తెల్లదనం చాలావరకు తిరిగొస్తుంది. చలికాలం భయం మనకు అక్కర్లేదు. ఇక్కడ చలి కొద్ది వారాలు, ఒక దుప్పటి చాలు. ఎండ ఉండేది నాలుగు నెలలు, దానికి దుప్పటి లాంటి అడ్డం ఇంకేదీ లేదు. రేకుల ఇళ్ళలో అయితే ఈ పూత పనితనం మరీ ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే రేకు కింద వేడిని ఆపే మందం ఏదీ ఉండదు.

ఇక ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. బ్రష్ లేని మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లలో అదే గాలి ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండేసి గంటలు తిరిగే ఇంట్లో నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి అయింది కాబట్టి కొనేటప్పుడు మోసపోయే భయమూ తగ్గింది. ఇప్పుడు మీ 160 యూనిట్ల ఇంటికి తిరిగి వద్దాం. 65 తీసేస్తే 95. దానికి పొయ్యి 97 కలపండి, 192. గీత ఇవతలే ఉన్నాం. బిల్లు రూ.782. పాత బిల్లు మీద పెరిగింది రూ.154, సిలిండర్ మీద మిగిలింది రూ.603. అదే పొయ్యి, అదే వంట, అదే ఇల్లు. ముందు ఫ్యాన్లు మార్చినందుకు నష్టం పోయి నెలకు నాలుగు వందల యాభై దాకా మిగులు వచ్చింది.

వదిన: ఎండాకాలం లెక్క బాగా కుదిరింది. డిసెంబరులో ఏం చెబుతావు? ఫ్యాన్లే తిరగనప్పుడు నీ 65 యూనిట్లు ఎక్కడ మిగులుతాయి? అప్పుడు గీజర్ మొదలవుతుంది. నలుగురికి నాలుగు బకెట్లు. ఇంకోటి, దీనికి నువ్వు జవాబు చెప్పాకే ముందుకు పోదాం. ఈ కరెంటు ఎక్కడిది? రామగుండం, కొత్తగూడెం, ఇప్పుడు దామరచర్లలో యాదాద్రి. బొగ్గు కాలిస్తే వచ్చేదే ఎక్కువ. నా వంటింటి పొగను రామగుండం చిమ్నీలోకి తోసి, నేను లోకాన్ని బాగుచేశానని అనుకోవాలా?

మరిది: బొగ్గు మాట ముందు చెప్తాను వదినా, ఎందుకంటే అక్కడ మీరు అన్నదే నిజం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023-24 లెక్కలో మన గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనుక దాదాపు 0.73 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంది. 145 యూనిట్లకు నూరు కిలోలు దాటుతుంది. అదే వంటకు సిలిండర్ కాలిస్తే 42 కిలోల చుట్టుపక్కల. అంటే ఇవాళ గ్రిడ్ కరెంటుతో వండితే వాతావరణానికి గ్యాస్ కంటే ఎక్కువ బరువే. ఇది దాచిపెట్టి ప్రచారం చేసేవాళ్ళంటే నాకు గిట్టదు. దేశానికి కావలసిన వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతి అన్నది వేరే వాదన, దానికి బలముంది. కానీ గాలి కోసం పొయ్యి మార్చమని నేను ఎవరికీ చెప్పను, డాబా మీద సోలార్ పలకలు ఉన్నవాళ్ళకు తప్ప. వాళ్ళ లెక్క వేరు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు రూ.60,000, మూడు, అంతకు పైబడితే రూ.78,000 సబ్సిడీ ఉంది. మన ఎండకు ఒక్కో కిలోవాటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. రెండు కిలోవాట్లు పెట్టుకున్న ఇల్లు పొయ్యిని, నీళ్ళను కరెంటు మీదికి తెచ్చుకున్నా గీత దాటాల్సిన పనిలేదు, బొగ్గు నిందా పడదు. పలకలు పరిచినంత మేర కప్పుకు నీడ కూడా దొరుకుతుంది. సొంత డాబా లేనివాళ్ళకు, అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకు ఈ దారి ఇంకా ఇరుకుగానే ఉంది, అది ఒప్పుకోవాలి.

చలికాలం నీళ్ళ సంగతి. ఇరవై లీటర్ల బకెట్టును ఇరవై డిగ్రీల నుంచి నలభైకి తేవడానికి అర యూనిట్ లోపే పడుతుంది. గీజర్ అయినా, రాడ్ అయినా ఇంతే. నీటిని వేడి చేయడంలో రెండింటికీ తేడా లేదు. గీజర్‌లో ఖర్చు పెరిగేది పొద్దున ఆన్ చేసి మరిచిపోవడం వల్ల, నిండా కాచిన ట్యాంకు వాడకుండా చల్లారడం వల్ల. నలుగురున్న ఇంట్లో నెలకు యాభై అయిదు, యాభై ఆరు యూనిట్లు చాలు. చలి ఉండే రెండు నెలలు ఫ్యాన్ల వాడకం పోయి గీజర్ వాడకం వస్తుంది, దాని మీద పొయ్యి మొత్తం పెడితే గీత దగ్గరికి వచ్చి తగులుతాం. కాబట్టి ఆ రెండు నెలలు సగం వంట గ్యాస్ మీదే చేయండి. మార్చి వచ్చాక మన నల్ల ట్యాంకే ఉచితంగా నీళ్ళు కాస్తుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టకండి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, తలుపు వేసుకున్న మనిషి బయటికి రాలేడు. వేడినీళ్ళు గ్యాస్ నుంచి కరెంటుకు మారడానికి డబ్బు లెక్కతో పనిలేదు. ప్రాణం లెక్క ఒక్కటి చాలు.

వదిన: సగం గ్యాస్, సగం కరెంటు అన్నావు కాబట్టి నా మిగతా మాటలు తేలికవుతున్నాయి. అయినా చెప్తాను. జొన్నరొట్టె పొంగాలంటే మంట కావాలి. ఇంట్లో ఉన్న గిన్నెల్లో సగం అల్యూమినియం, ఇండక్షన్ వాటిని పట్టించుకోదు. పాత ఇళ్ళ వైరింగ్ సన్నది, మీటర్ మీద లోడు ఒక్క కిలోవాటే రాసుంటుంది. రెండు వేల వాట్ల పొయ్యి, దానికి తోడు గీజర్ ఒకేసారి నడిస్తే వైరు కాలుతుంది. గాలివానకు చెట్టు కొమ్మ పడి కరెంటు పోతే పిల్లలకు అన్నం ఎవరు వండుతారు? అన్నిటికంటే పెద్దది, తెల్లకార్డు ఉన్న ఇంటికి 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచితం, మహాలక్ష్మి కింద సిలిండర్ రూ.500. ఆ ఇల్లు పొయ్యి మార్చి 200 దాటిందా, ఉచితం పోయి బిల్లు మొత్తం మీద పడుతుంది. పేదింటికి నీ సలహా నష్టం కాదా?

మరిది: ఆ ఇంటికి పొయ్యి మార్చమని నేను చెప్పను. వాళ్ళు చేయాల్సింది కప్పు, ఫ్యాన్లు. ఉచితం హద్దు దాటకుండా కాపాడేవి అవే. ఈక్వెడార్ దేశం 2014లో లక్షల ఇళ్ళకు ఇండక్షన్ పొయ్యిలు ఇవ్వాలని పెద్ద కార్యక్రమం పెట్టింది. సిలిండర్ ధర అక్కడ సబ్సిడీతో నామమాత్రంగా ఉండిపోయింది, జనం గ్యాస్ వదల్లేదు, లక్ష్యం అందలేదు. ధర ఎటు లాగితే ఇల్లు అటే పోతుంది. వైరింగ్ మాట ముమ్మాటికీ సరైనది. పదహారు యాంపుల పవర్ ప్లగ్, సరైన ఎర్తింగ్, మీటర్ మీద సరిపడా లోడు లేకుండా ఇండక్షన్ పొయ్యి ఇంట్లోకి తేవద్దు. లోడు పెంచుకోవడానికి కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు కట్టాల్సింది కట్టి, మంచి ఎలక్ట్రీషియన్‌తో వంటింటికి విడిగా లైను లాగించుకోవాలి. గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటే పనికొస్తుంది, లేకపోతే లేదు. జొన్నరొట్టెకు, కరెంటు పోయిన రాత్రికి గ్యాస్ ఉండనే ఉంటుంది. అయినా మీరు ఒక్కటి లెక్కలోకి తీసుకోలేదు. గ్యాస్ పొయ్యి నుంచి గిన్నెకు అందని ఆ మూడో వంతు వేడి ఎక్కడికి పోతోంది? మీ మొహం మీదికి. మే నెలలో చిన్న వంటింట్లో రెండు పూటలా రెండు బర్నర్ల ముందు నిలబడేది మీరే. పైన కప్పు వేడి, ముందు మంట వేడి. ఇండక్షన్ మీద పప్పు, అన్నం, పాలు, చాయ్ అయిపోతే మంట ముందు నిలబడే సమయం సగానికి పడిపోతుంది. పొయ్యి మార్చడానికి నాకు కనిపించే అతి బలమైన కారణం బిల్లు కాదు, వంట చేసే మనిషి ఒళ్ళు.

వదిన: ఈ మాట ఇప్పటిదాకా ఏ ప్రచారంలోనూ వినలేదు. సరే, నా తీర్పు చెప్తాను. వచ్చే వాటర్‌ప్రూఫింగ్‌కు తెల్లకోటు. పాడైన ఫ్యాన్ పాడైనట్టు బీఎల్‌డీసీ. గీజర్‌కు స్విచ్ ఆపే అలవాటు. మూడు నెలల బిల్లులు 120 యూనిట్ల లోపుకు దిగితే అప్పుడు ఒక ఇండక్షన్ పొయ్యి, గ్యాస్ పక్కన. దిగకపోతే లేదు. అయితే ఇంత జాగ్రత్త ఇంటి ఆడమనిషే పడాలా? ఆ 201వ యూనిట్ గీత గీసింది మేము కాదు కదా.

వదిన చివర వేసిన ప్రశ్న ఇంటి గడప దాటి వెళ్ళాల్సింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 దాకా అమలయ్యే ఆ విధానం కింద మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది, అందులో రెండు వందలు ఔటర్ రింగ్ రోడ్డు లోపలే. విడుదల సమయంలో అప్పటి మంత్రి కేటీఆర్ చదరపు మీటరుకు ఖర్చు దాదాపు మూడు వందల రూపాయలని చెప్పారు. దేశంలో ఇంత స్పష్టంగా ఈ పని తలపెట్టిన రాష్ట్రాలు తక్కువ, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఇళ్ళ విషయంలో ఆరు వందల గజాలు, ఆపై ప్లాట్లకే అది తప్పనిసరి. అంతకంటే చిన్నవాటికి ఐచ్ఛికం. అంటే చిల్కానగర్, బీరప్పగడ్డ, నాచారం గల్లీల్లో ఎండ ఎక్కువ తగిలే ఇళ్ళు దాదాపు అన్నీ యజమాని ఇష్టానికే మిగిలిపోయాయి. చిన్న ఇళ్ళ మీద నిర్బంధం పెట్టమని అడగడం లేదు. తెల్లకోటు వేయించుకున్న చిన్న ఇంటికి ఆ ఏడాది ఆస్తి పన్నులో కొంత తగ్గించవచ్చు, రేకుల ఇళ్ళకు మున్సిపాలిటీయే పూత వేయించవచ్చు. 2024 మేలో గ్రేటర్ హైదరాబాద్ కరెంటు డిమాండ్ నాలుగు వేల మెగావాట్లు దాటిందంటే, చల్లబడిన ప్రతి కప్పు డిస్కంకు కూడా లాభమే.

రెండో విజ్ఞప్తి విద్యుత్ నియంత్రణ మండలికి. రెండు వందల యూనిట్లు దాటిన ఇంటికి పై యూనిట్ల మీద ఎక్కువ రేటు వేయడం న్యాయమే, ఎక్కువ వాడినవాళ్ళు ఎక్కువ కట్టాలి. ఒక్క యూనిట్ దాటినందుకు కింది రెండు వందలకూ రేటు పెంచడం మాత్రం పొదుపును నేర్పదు. అది పొయ్యి మార్చుకోవాలనుకునే మధ్యతరగతి ఇంటిని భయపెట్టి గ్యాస్ దగ్గరే కట్టేస్తుంది. రేట్ల సవరణ మీద మండలి బహిరంగ విచారణ జరుపుతుంది, అక్కడ ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఉప్పల్, నాచారం కాలనీ సంక్షేమ సంఘాలు వచ్చే విచారణకు ఈ ఒక్క అంశం మీద తమ బిల్లులు జతచేసి అభ్యంతరం ఇవ్వాలి.